పింఛను సొమ్ము, కోర్టు జప్తు: పురసవాక్కం నుంచి ఒక పరిశీలన

పదవీ విరమణ తర్వాత అందే పింఛను, గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్ సొమ్ము మీద అప్పిచ్చినవాడు కోర్టు డిక్రీ తెచ్చుకున్నా చెయ్యి వేయరాదన్నది భారతదేశంలో 150 ఏళ్లకు పైబడిన నియమం. 1871 నాటి పింఛనుల చట్టంతో మొదలై 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్, 1925 నాటి ప్రావిడెంట్ ఫండ్ల చట్టం, 1952 నాటి ఉద్యోగుల ప్రావిడెంట్ ఫండ్ చట్టం, 1972 నాటి గ్రాట్యుటీ చెల్లింపు చట్టం ఒకదాని తర్వాత ఒకటి ఇదే మాట చెప్పాయి. మాట స్పష్టంగానే ఉంది. చిక్కంతా ఆ రక్షణ మనిషిని కాక డబ్బును అంటిపెట్టుకొని ఉండటంలో ఉంది. పింఛను పొందేవాడి ఇల్లు, నగలు, కొడుకు పేరున వేసిన డిపాజిట్ అతనివే అయినా, లేదా అతని కష్టార్జితమే అయినా, చట్టం దృష్టిలో అవి పింఛను కావు. డబ్బు రూపం మారుతూ పోయేకొద్దీ రక్షణ ఎక్కడిదాకా వెంట వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నదే కోర్టుల ముందు మళ్లీ మళ్లీ వచ్చిన ప్రశ్న.

చెన్నైలోని పురసవాక్కం ఈ విషయం అర్థం చేసుకోవడానికి అనువైన చోటు. 1693లో ఎగ్మూరు, తండయార్‌పేటలతో పాటు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చిన మూడు గ్రామాల్లో ఇదొకటి. గంగాధీశ్వరుడి గుడి, వెల్లాల వీధి, దుకాణాలతో కిక్కిరిసిన హైరోడ్డు ఇప్పటి దాని ముఖం. కానీ దాని బతుకుతెరువు చాలాకాలం చుట్టుపక్కల నెలజీతాలిచ్చే సంస్థల మీద ఆధారపడింది. ఉత్తరాన పెరంబూరు రైల్వే వర్క్‌షాపులు, పులియాంతోపు వైపు జనం నోట బిన్నీ మిల్లుగా నిలిచిన బకింగ్‌హామ్ అండ్ కర్నాటిక్ మిల్లులు, 1955 నుంచి పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీ, దక్షిణాన పార్క్‌టౌన్‌లో దక్షిణ రైల్వే ప్రధాన కార్యాలయం, కార్పొరేషన్ వారి రిప్పన్ భవనం. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చి పురసవాక్కం, చూళై, పెరంబూరుల్లో తరాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో రైల్వే ఉద్యోగమో మిల్లు ఉద్యోగమో చేసిన తాతలు, తండ్రులు ఉండటం మామూలు. నెలజీతం ఉన్నచోటికి అప్పు వెతుక్కుంటూ వస్తుంది. పదవీ విరమణ రోజుకు ఆ అప్పు కూడా వెంట ఉంటుంది.

అప్పు ఎలా మొదలవుతుంది

ఈ ప్రాంతంలో విశ్రాంత ఉద్యోగి మీదికి డిక్రీ వచ్చిందంటే అతను స్వయంగా అప్పు చేసి ఉండాలని లేదు. బావమరిది చీటీ పాడుకొని ఉంటాడు. పాడినవాడు మిగిలిన వాయిదాలు కడతాడన్న నమ్మకానికి కంపెనీ జామీనుదారులను అడుగుతుంది. ప్రభుత్వ, రైల్వే, బ్యాంకు ఉద్యోగి జీతపు సర్టిఫికెట్‌కు ఉన్న విలువ అక్కడ మరి దేనికీ లేదు. తమిళనాడులో చీటీలను క్రమబద్ధం చేసిన 1961 నాటి రాష్ట్ర చట్టం, ఆ తర్వాతి 1982 కేంద్ర చట్టం రెండూ ఈ జామీను పద్ధతిని ఆధారంగా చేసుకున్నవే. కాంట్రాక్టుల చట్టం 128వ సెక్షన్ ప్రకారం జామీనుదారు బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానం. అందువల్ల చీటీ కంపెనీ ముందుగా పాడినవాడి వెంట పడనక్కర లేదు, జీతం వచ్చేవాడి దగ్గరికే నేరుగా వెళ్లవచ్చు. చీటీ తగాదాలను 1982 చట్టం కింద రిజిస్ట్రారు మధ్యవర్తిగా తేలుస్తాడు. ఆ తీర్పు సివిల్ కోర్టు డిక్రీలాగే అమలవుతుంది.

ప్రోనోటు మీద తెచ్చిన చేబదులు, బ్యాంకు వ్యక్తిగత రుణం, కొడుకు వ్యాపారానికి ఇచ్చిన హామీ మిగతా దారులు. బ్యాంకులు పెద్ద మొత్తాలకు రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళతాయి. మిగిలినవారు నగర సివిల్ కోర్టుకో స్మాల్ కాజెస్ కోర్టుకో వెళతారు. హైకోర్టు ఆవరణలోని నగర సివిల్ కోర్టు 1892 చట్టంతో ఏర్పడింది. డిక్రీ వచ్చాక దాన్ని అమలు చేయమని వేసే దరఖాస్తును కోర్టు భాషలో ఇ.పి. అంటారు. డిక్రీకి ఆయుష్షు 12 ఏళ్లు. యాభై ఏళ్ల వయసులో జామీను సంతకం చేసి దాని సంగతే మరచినవాడి ఇంటికి అరవై దాటాక అమీనా రావడానికి ఈ 12 ఏళ్లే కారణం.

ఉద్యోగంలో ఉండగా ఒక లెక్క, దిగాక మరో లెక్క

ఉద్యోగంలో ఉన్నంతకాలం జీతంలో కొంత జప్తు చేయవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం మొదటి 1,000 రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు ఉద్యోగికి వదిలేయాలి. జీతం 40,000 అయితే 1,000 పక్కన పెట్టి, మిగతా 39,000లో 26,000 వదిలేస్తారు. అప్పులవాడికి అందేది నెలకు 13,000. ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలు ఇలా కోసుకున్నాక ఆ డిక్రీకి జీతం నుంచి ఇక పైసా రాదు. మనోవర్తి డిక్రీకి లెక్క వేరు, అక్కడ ఉద్యోగికి మిగిలేది మూడో వంతే.

ఈ ఏర్పాటు వెనుక మిల్లు కార్మికుల కథ ఉంది. 1918 ఏప్రిల్ 27న బి.పి. వాడియా అధ్యక్షుడుగా మద్రాసు లేబర్ యూనియన్ పుట్టింది బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల కార్మికుల మధ్యే. జి. సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు దానికి పునాది వేసినవారు. ఆ తర్వాత దేశమంతటి కార్మికుల స్థితిని పరిశీలించిన విట్లీ కమిషన్ 1931లో ఇచ్చిన నివేదికలో కార్మికుల అప్పులకు గట్టి చోటిచ్చింది. అప్పుకోసం జైలు, జీతపు జప్తు తగ్గించాలంది. 1936, 1937ల్లో సివిల్ ప్రొసీజర్ కోడ్‌కు వచ్చిన సవరణల మీద ఆ నివేదిక ప్రభావం ఉంది.

పదవీ విరమణ చేసిన మర్నాటి నుంచి లెక్క పూర్తిగా మారిపోతుంది. 60వ సెక్షన్ (జి) క్లాజు కింద పింఛను, గ్రాట్యుటీ జప్తుకు లోబడవు. మూడో వంతు, సగం లాంటి భాగాలు ఇక్కడ లేవు, మొత్తానికి మొత్తం మినహాయింపే. 1976 సవరణకు ముందు ఇది ప్రభుత్వ పింఛనుదారులకే వర్తించేది. ఆ ఏడాది స్థానిక సంస్థలతో పాటు "మరే ఇతర యజమాని అయినా" అన్న అర్థం వచ్చే మాటలు చేర్చడంతో మిల్లు కార్మికుడు, ప్రైవేటు కంపెనీ గుమాస్తా కూడా దీని కిందికి వచ్చారు. అప్పులవాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. రిటైర్‌మెంటు దగ్గరపడ్డ ఉద్యోగిని జామీనుగా తీసుకోవడానికి వెనకాడేది అందుకే.

చట్టాలు ఏమంటాయి

వీటిలో అన్నిటికంటే పాతది 1871 పింఛనుల చట్టం. ప్రభుత్వం ఇచ్చే పింఛనును, రావలసిన బకాయిని ఏ అప్పులవాడి కోరిక మీదా ఏ కోర్టూ స్వాధీనం చేసుకోరాదని 11వ సెక్షన్ చెబుతుంది. 12వ సెక్షన్ ఇంకో అడుగు వేసింది. ఇంకా చేతికి రాని పింఛనును ఎవరికి రాసిచ్చినా, తాకట్టు పెట్టినా ఆ కాగితం చెల్లదు. ఆనాటి వడ్డీ వ్యాపారి పింఛను కాగితాలు తన పెట్టెలో దాచుకొని నెలనెలా వసూలు చేసుకోవడం శాసనకర్తలకు తెలిసిన సంగతే.

ఈ చట్టంలోనూ 60వ సెక్షన్‌లోనూ "రాజకీయ పింఛను" అన్న మాట కనిపిస్తుంది. మద్రాసువారికి ఇది ఊళ్లోని చరిత్రే. ఆర్కాటు నవాబు మహమ్మదాలీ చెపాక్కంలో కాపురముండి కంపెనీ ఉద్యోగుల దగ్గర, పాల్ బెన్‌ఫీల్డ్ లాంటివారి దగ్గర చేసిన అప్పులు 1785లో బ్రిటిష్ పార్లమెంటుదాకా వెళ్లి ఎడ్మండ్ బర్క్ ప్రసంగానికి విషయమయ్యాయి. 1801లో కర్ణాటక రాజ్యం కంపెనీ పరమైంది, 1855లో నవాబు బిరుదు పోయింది. మిగిలినవి ఆ వంశస్థుల భృతులు. రాజ్యాన్నే మింగిన అప్పులవాళ్లు ఆ భృతిని మాత్రం ముట్టుకోరాదన్నది కంపెనీ తర్వాతి ప్రభుత్వం పెట్టిన చట్టమే కావడం విచిత్రం.

ప్రభుత్వ, రైల్వే ఉద్యోగుల ప్రావిడెంట్ ఫండ్‌ను 1925 చట్టం కాపాడుతుంది. రైల్వేల్లో 1957 నవంబరు 16 నుంచి పింఛను పథకం వచ్చేదాకా ఉద్యోగికి ముసలితనపు ఆధారం ప్రధానంగా ఈ ఫండే. ప్రైవేటు సంస్థలవారికి 1952 చట్టం 10వ సెక్షన్ అదే పని చేస్తుంది. ఖాతాలో ఉన్న సొమ్మును రాసివ్వడానికీ వీల్లేదు, డిక్రీ మీద జప్తు చేయడానికీ వీల్లేదు. 1995 పింఛను పథకం కింద వచ్చే చిన్న మొత్తాలకూ ఇదే వర్తిస్తుంది. 2014 సెప్టెంబరు నుంచి దాని కనీస పింఛను నెలకు 1,000 రూపాయలు. అంత చిన్న మొత్తానికి జప్తు భయమేమిటని అనిపించవచ్చు. ఆ వెయ్యిమీదే మందులు కొనుక్కునేవారికి అనిపించదు.

గ్రాట్యుటీ చట్టం 13వ సెక్షన్ సివిల్, రెవెన్యూ, క్రిమినల్ కోర్టులు మూడింటినీ పేరుపేరునా చెప్పి జప్తును నిషేధించింది. ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం చొప్పున లెక్కగట్టే ఈ మొత్తానికి 2018 మార్చి 29 నుంచి గరిష్ఠ పరిమితి 20 లక్షలు. గ్రాట్యుటీ చట్టం ఇప్పుడు 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో కలిసింది. స్మృతి 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. దశాబ్దాల తీర్పులు మాత్రం పాత సెక్షన్ల అంకెలతోనే ఉన్నాయి, వకీళ్ల నోళ్లలోనూ అవే వినిపిస్తాయి.

జనానికి అంతగా తెలియని నిబంధన 60వ సెక్షన్‌లోని (1ఎ) ఉపవిభాగం. 1976లో వచ్చింది. ఈ మినహాయింపులను వదులుకుంటానని ఎవరైనా ఒప్పందం రాసిచ్చినా అది చెల్లదు. "వాయిదాలు కట్టకపోతే నా గ్రాట్యుటీ, పి.ఎఫ్. నుంచి జమ చేసుకోవచ్చు" అన్న వాక్యం జామీను పత్రంలో చిన్న అక్షరాల్లో ఉన్నప్పుడు సంతకం చేసినవాడు తానే తప్పు చేశానని కుంగిపోతాడు. ఆ వాక్యం కాగితం మీద ఉండవచ్చు గాని, కోర్టులో దానికి బలం లేదు.

డబ్బు ప్రయాణం

ఇక అసలు చిక్కు. యజమాని దగ్గరో ట్రెజరీలోనో ఫండు కార్యాలయంలోనో ఉన్నంతసేపు సొమ్ము క్షేమం. దీనిమీద సుప్రీంకోర్టు ముందు రాధాకిషన్ అగర్వాలా కేసులో, తర్వాత 1976లో జ్యోతి చిట్‌ఫండ్ కేసులో గట్టిగా చెప్పింది. రెండో కేసులో డిక్రీదారు పేరు చూస్తేనే తెలుస్తుంది, ఇది చీటీ కంపెనీ వేసిన తగాదా. పింఛను, తప్పనిసరి డిపాజిట్లు ఉద్యోగి చేతికి అందేదాకా తమ స్వభావాన్ని పోగొట్టుకోవని కోర్టు అక్కడ తేల్చింది. 1985లో కలకత్తా డాక్ లేబర్ బోర్డు కేసులో గ్రాట్యుటీ గురించీ ఇదే దారి పట్టింది.

"చేతికి అందేదాకా" అన్న మాటలోనే భయం దాగి ఉంది. అందాక? నోట్ల రూపంలో చేతికి వచ్చిన రోజుల్లో ఈ ప్రశ్నకు పెద్దగా విలువ లేదు, ఇంట్లో నోట్లను వెతికి పట్టుకోవడం కష్టం. పింఛను బ్యాంకు ఖాతాలో పడటం మొదలయ్యాక విలువ పెరిగింది. ఖాతాలోని సొమ్మును బాకీదారుకు ఇవ్వవద్దనే గార్నిషీ నోటీసును డిక్రీదారు బ్యాంకుకు ఇప్పిస్తాడు, ఖాతా స్తంభిస్తుంది. రిటైరైనప్పుడు వచ్చిన మొత్తాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసుకొని వడ్డీతో బతకడం ఈ పేటలో అలవాటైన పద్ధతి. ఆ డిపాజిట్ ఇంకా గ్రాట్యుటీయేనా, లేక మామూలు డిపాజిట్టేనా?

2008 నవంబరులో రాధేశ్యామ్ గుప్తా, పంజాబ్ నేషనల్ బ్యాంకుల మధ్య కేసులో సుప్రీంకోర్టు దీనికి జవాబిచ్చింది. పింఛను, గ్రాట్యుటీ సొమ్ము చేతికి వచ్చి ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా మారినా దాని స్వభావం మారదు, (జి) క్లాజు రక్షణ ఉంటుంది. విశ్రాంత ఉద్యోగులకు ఈ తీర్పు కొండంత అండ.

అయితే ఈ తీర్పును ఎంతవరకు సాగదీయవచ్చో చూసుకోవాలి. అది మాట్లాడింది పింఛను, గ్రాట్యుటీల గురించి. 60వ సెక్షన్ కింద ఉన్న మొదటి వివరణ కూడా (జి) క్లాజుకు "చెల్లించవలసి రాకముందైనా, వచ్చిన తర్వాతైనా" మినహాయింపు ఉంటుందని చెబుతూ, ప్రావిడెంట్ ఫండ్‌కు చెందిన (కె) క్లాజును ఆ జాబితాలో చేర్చలేదు. కనుక పి.ఎఫ్. నుంచి తీసి వేసిన డిపాజిట్ మీద వాదించే వకీలుకు గ్రాట్యుటీ డిపాజిట్ మీద వాదించేవాడికున్నంత ఆధారం లేదు. పి.ఎఫ్., గ్రాట్యుటీ, ఇంటి అద్దె, కూతురు పంపిన డబ్బు అన్నీ ఒకే ఖాతాలో కలిసిపోతే ఏది ఏదో చూపించాల్సిన బరువు ఖాతాదారుడిదే. పింఛనుకు విడి ఖాతా, గ్రాట్యుటీతో వేసిన డిపాజిట్‌కు విడి రసీదు ఉంచుకోమని ఇ.పి.లు చూసే వకీళ్లు చెప్పే సలహా ఇక్కడి నుంచి వచ్చినదే.

డిపాజిట్ దాటి ఇంకో అడుగు వేస్తే రక్షణ దాదాపు ఆగిపోతుంది. గ్రాట్యుటీతో పురసవాక్కంలోనో కొళత్తూరులోనో రెండు గదుల ఫ్లాట్ కొన్నాడనుకుందాం. 60వ సెక్షన్ వ్యవసాయదారుడి ఇంటిని కాపాడుతుంది. పంజాబ్ లాంటి చోట్ల స్థానిక సవరణతో నివాసగృహానికి రక్షణ ఉంది. చెన్నై నగరవాసి సొంతింటికి అలాంటిది లేదు. నెలనెలా వచ్చే పింఛను జోలికి పోలేని డిక్రీదారు ఆ ఫ్లాట్‌ను వేలం వేయించవచ్చు. సొంతిల్లు అన్నిటికన్నా భద్రమన్నది మన ఇళ్లలో వేదవాక్కు. ఈ ఒక్క విషయంలో అద్దింట్లో ఉండి డిపాజిట్ మీద బతికేవాడే ఎక్కువ భద్రంగా ఉన్నాడు. బంగారం కొన్నా అంతే, కొడుకు వ్యాపారంలో పెట్టినా అంతే.

ఆదాయపు పన్ను బకాయిలకు, రుణ వసూలు ట్రిబ్యునల్ ఉత్తర్వులకు ఇవన్నీ వర్తిస్తాయా అన్న సందేహం సహజం. 1961 ఆదాయపు పన్ను చట్టం రెండో షెడ్యూలులో పదో నియమం సివిల్ ప్రొసీజర్ కోడ్ మినహాయింపులనే తనవిగా చేసుకుంది. ట్రిబ్యునల్ వసూలు అధికారి నడిచేదీ ఆ షెడ్యూలు నియమాల మీదే. బ్యాంకు వకీలు "మాది ట్రిబ్యునల్ సర్టిఫికెట్, సివిల్ డిక్రీ కాదు" అన్నంతమాత్రాన పింఛను మీద హక్కు రాదు.

జైలు బెదిరింపు

జప్తుకు ఏమీ దొరకనప్పుడు డిక్రీదారు ఎక్కుపెట్టేది అరెస్టు. "ఇ.పి.లో అరెస్టు నోటీసు" అన్న మాట వినగానే ముసలివాళ్లు పింఛను డబ్బు తీసి కట్టేస్తారు. చట్టం అంత కఠినంగా లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 51వ సెక్షన్ ప్రకారం బాకీదారుకు కట్టే స్తోమత ఉండి కూడా ఎగవేస్తున్నాడని, లేదా ఆస్తి దాస్తున్నాడని కోర్టు విచారించి తేల్చాలి. 1980లో జాలీ జార్జి వర్గీస్, బ్యాంక్ ఆఫ్ కొచ్చిన్ కేసులో న్యాయమూర్తి వి.ఆర్. కృష్ణయ్యర్, పేదరికం వల్ల కట్టలేకపోవడం నేరం కాదనీ, దురుద్దేశం కనిపించాలనీ రాశారు. డబ్బు డిక్రీకి స్త్రీలను అరెస్టు చేయడానికే వీల్లేదు. మగవారికైనా సివిల్ జైలు గరిష్ఠంగా మూడు నెలలు.

ఆ సెక్షన్ కింద ఉన్న వివరణ పింఛనుదారుకు ఇంకా ముఖ్యం. స్తోమత లెక్కించేటప్పుడు జప్తుకు లోబడని ఆస్తిని లెక్కలోకి తీసుకోరాదు. నెలకు 35,000 పింఛను వస్తున్నా, దాన్ని చూపించి "కట్టగలిగీ కట్టడం లేదు" అనడం కుదరదు. ముందు తలుపు నుంచి రాకూడనిది వెనక తలుపు నుంచి రాకుండా చేసిన ఏర్పాటు ఇది. అరెస్టు నోటీసు అందుకున్నవాడు కోర్టుకు పోకుండా ఇంట్లో కూర్చుంటే మాత్రం ఈ వివరణను అతని తరఫున ఎవరూ చదివి వినిపించరు.

చెక్కు సంగతి వేరు. సంతకం చేసిన ఖాళీ చెక్కులు తీసుకొని అప్పివ్వడం చెన్నైలో సర్వసాధారణం. చెక్కు తిరిగొస్తే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్ల చట్టం 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు, రెండేళ్లదాకా శిక్ష, చెక్కు మొత్తానికి రెట్టింపుదాకా జరిమానా. జప్తు నుంచి పింఛనుకున్న రక్షణ ఆ కేసును ఆపదు. సివిల్ కోర్టులో చేయలేని పనిని వడ్డీ వ్యాపారి మేజిస్ట్రేటు కోర్టులో చేయించుకునే దారి ఇదే.

చెన్నైలో ఉన్న పాత దారి

అప్పులు తీర్చలేని వ్యక్తి దివాలా కోరదలిస్తే దేశంలో చాలాచోట్ల 1920 నాటి ప్రాంతీయ దివాలా చట్టం వర్తిస్తుంది. చెన్నై, ముంబై, కోల్‌కతాల్లో మాత్రం 1909 నాటి ప్రెసిడెన్సీ పట్టణాల దివాలా చట్టం. 2016 దివాలా స్మృతిలో వ్యక్తులకు సంబంధించిన భాగం కంపెనీల అప్పులకు హామీ ఉన్నవారి విషయంలోనే 2019 డిసెంబరు 1 నుంచి అమలైంది, మిగతావారికి పాత చట్టాలే దిక్కు. పురసవాక్కం నివాసి మద్రాసు హైకోర్టులో దివాలా పిటిషన్ వేస్తే ఆస్తి అంతా దివాలా ఆస్తులు చూసే అధికారి అయిన అఫీషియల్ అసైనీ చేతికి పోతుంది. జీతమో ఆదాయమో ఉంటే అందులో కొంత అప్పులవాళ్లకు కేటాయించే అధికారం ఆ కోర్టుకుంది. ఇంత పాత చట్టంలోకి వెళ్లడం కన్నా వకీళ్లు 60వ సెక్షన్ మీద పోరాడటానికే మొగ్గు చూపుతారు.

బీమా: ఒక తెలుగు కేసు

బాకీదారు జీవితం మీద తీసుకున్న బీమా సొమ్ము కూడా 60వ సెక్షన్ కింద జప్తుకు దొరకదు. అంతకంటే గట్టి రక్షణ 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టంలో ఉంది. భర్త తన జీవితం మీద భార్య, పిల్లల మేలు కోసమని రాసి పాలసీ తీసుకుంటే ఆ సొమ్ము వారికోసం ఉంచిన ట్రస్టు అవుతుంది, భర్త అప్పులవాళ్లకు అందదు. మొదట్లో ఇది హిందువులకు వర్తిస్తుందా లేదా అన్న తగవు ఉండేది. 1913లో బాలాంబ, కృష్ణయ్య కేసులో మద్రాసు హైకోర్టు ఫుల్‌బెంచి వర్తిస్తుందని చెప్పింది. వాది, ప్రతివాదుల పేర్లు తెలుగువారివి. ఆ తీర్పును ఆధారం చేసుకొనే 1923 సవరణ వచ్చింది. దాని ప్రకారం మద్రాసులో హిందువులు, ముస్లింలు తదితరులు 1913 డిసెంబరు 31 తర్వాత తీసుకున్న పాలసీలకు ఈ రక్షణ ఉంది, మిగతా దేశంలో 1923 ఏప్రిల్ 1 తర్వాతివాటికి. దాదాపు పదేళ్లు మద్రాసు ముందుంది. ఇప్పటికీ పాలసీ ఫారంలో ఈ చట్టం కింద తీసుకుంటున్నారా అని అడిగే ఒక గడి ఉంటుంది. ఏజెంట్లు దాన్ని చాలాసార్లు ఖాళీగా వదిలేస్తారు.

ఎవరికి ఈ రక్షణ అడ్డుకాదు

భార్య అప్పులవాళ్లలో ఒకరు కాదని కొన్ని హైకోర్టులు చెప్పాయి. 1871 చట్టంలో "క్రెడిటర్" అన్న మాట ఉంది కనుక మనోవర్తి బకాయికి పింఛనును జప్తు చేయవచ్చని బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి లాంటివి అభిప్రాయపడ్డాయి. వృద్ధాప్యంలో విడిగా ఉంటున్న భార్యను వదిలేసి, ఆమె నోటికాడి ముద్దను చట్టంపేరిట దాచుకోనివ్వకపోవడం న్యాయంగానే కనిపిస్తుంది.

పాత యజమాని ఇంకో మినహాయింపు. ఖాళీ చేయని క్వార్టర్స్ అద్దె, తేలని అడ్వాన్సు లాంటి ప్రభుత్వ బాకీలు గ్రాట్యుటీ నుంచి మినహాయించుకోవడానికి పింఛను నియమాలే వీలిస్తాయి. క్రమశిక్షణ చర్య తేలేదాకా గ్రాట్యుటీ ఆపుతారు. అదే సమయంలో, ఉద్యోగికి పొరపాటున ఎక్కువ జీతమిచ్చామంటూ రిటైరయ్యాక వెనక్కి గుంజుకోవడం చెల్లదని 2014 డిసెంబరులో పంజాబ్ రాష్ట్రం, రఫీక్ మసీహ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మరణం తర్వాత కుటుంబ పింఛను చనిపోయినవాడి ఆస్తిలో భాగం కాదు. వీలునామా రాసి దాన్ని మళ్లించలేడు, అతని అప్పులవాళ్లూ దాన్ని అడగలేరు.

కోర్టు బయట

పైన చెప్పినదంతా కోర్టుకు వెళ్లే అప్పులవాడి గురించి. తండల్, మీటరు వడ్డీ, గంట వడ్డీ పేర్లతో అప్పిచ్చేవాడు కోర్టు మొహం చూడడు. పింఛను పడే ఖాతా ఏటీఎం కార్డు, దాని రహస్య సంఖ్య తన దగ్గర పెట్టుకుంటాడు. నెల మొదటి రోజుల్లో తానే తీసుకొని మిగిలింది ఇస్తాడు. 1871 నాటి పింఛను కాగితం స్థానంలో ఇప్పుడు ప్లాస్టిక్ కార్డు వచ్చింది, అంతే. 12వ సెక్షన్ కింద ఈ ఏర్పాటుకు విలువ లేదు. 2003లో తమిళనాడు ప్రభుత్వం కందువడ్డీ లాంటి మితిమీరిన వడ్డీని నేరం చేస్తూ ప్రత్యేక చట్టం తెచ్చింది, 2025లో అప్పు వసూలులో దౌర్జన్యం మీద ఇంకొకటి. పోలీసు ఫిర్యాదుకు దారి ఉంది. కార్డు పోయిందని బ్యాంకుకు చెప్పి కొత్తది తీసుకోవడం అంతకంటే త్వరగా పనిచేసే దారి, పక్కవీధిలోనే ఉండే ఆ వడ్డీ వ్యాపారిని రోజూ ఎదుర్కొనే ధైర్యం ఉంటే.

అప్పిచ్చినదీ, పింఛను ఖాతా ఉన్నదీ ఒకే బ్యాంకు అయినప్పుడు తగవు ఇంకో రూపం తీసుకుంటుంది. బ్యాంకు డిక్రీ కోసం ఆగకుండా ఖాతాలోని పింఛనును రుణానికి జమ చేసుకుంటుంది, లేదా ఖాతా స్తంభింపజేస్తుంది. పింఛను లోన్ తీసుకొని నెలవారీ వాయిదాకు తానే అనుమతి ఇచ్చినవాడికి ఫిర్యాదుకు తావు తక్కువ. బావమరిదికి జామీను పెట్టినవాడి ఖాతాను ఆపితే అతను హైకోర్టులో రిట్ వేయవలసి వస్తుంది.

ఖాతా ఆగినప్పుడు, ఇతర దేశాల్లో

జప్తు నోటీసు బ్యాంకుకు వెళ్లినప్పుడు ఖాతాలోని డబ్బు పింఛనా కాదా అని చూసే బాధ్యత మన దగ్గర ముందుగా ఎవరి మీదా లేదు. స్తంభించాక ఖాతాదారు పింఛను చెల్లింపు ఉత్తర్వు, నెలనెలా జమైన పింఛను కనబడే ఖాతా పత్రం, గ్రాట్యుటీ మంజూరు కాగితం పట్టుకొని సివిల్ ప్రొసీజర్ కోడ్ 47వ సెక్షన్ కింద అమలు కోర్టులోనే దరఖాస్తు వేసుకోవాలి. చట్టం తనవైపే ఉన్నా ఆ వాయిదాల మధ్య నెలలు మందులకు డబ్బు ఉండదు. ఈ రక్షణలో అతి పెద్ద లోపం ఇదే.

అమెరికాలో సోషల్ సెక్యూరిటీ అనే ప్రభుత్వ పింఛనుకు ఈ లోటును 2011 మే 1 నుంచి ఒక నిబంధన తీర్చింది. జప్తు ఉత్తర్వు రాగానే బ్యాంకే వెనక్కి రెండు నెలలు ఖాతా చూసి, ప్రభుత్వ పింఛనుగా నేరుగా జమైన మొత్తాన్ని ఎవరూ అడగకుండానే వదిలేయాలి. అక్కడ పనిచేసే తెలుగువారిలో చాలామందికి ఉద్యోగం ద్వారా ఉన్న 401(కె) విరమణ పొదుపు ఖాతాలను 1974 నాటి ఎరిసా చట్టం కాపాడుతుంది. దివాలాలోనూ అవి అప్పులవాళ్లకు అందవని 1992లో ప్యాటర్సన్, షుమేట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. కానీ తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన వ్యక్తిగత విరమణ ఖాతా (ఐ.ఆర్.ఏ.) వారసుడికి విరమణ నిధి కాదనీ, దివాలాలో దానికి ఆ రక్షణ వర్తించదనీ అదే కోర్టు 2014లో క్లార్క్, రామేకర్ కేసులో చెప్పింది. మన 1952 చట్టం ఆ ఒక్కచోట ఉదారం. సభ్యుడు చనిపోయినప్పుడు ఫండు సొమ్ము నామినీకి చేరేది, చనిపోయినవాడి అప్పుల నుంచే కాక, అంతకు ముందు నామినీ స్వయంగా చేసిన అప్పుల నుంచి కూడా విముక్తమై.